దామెర్ల రామారావు – మన వాస్తవికత

తెలుగులో విమర్శ అంటే కవిత్వ విమర్శ. కొంతవరకు కథా నవలా విమర్శ. చిత్రకళ దగ్గరికి వచ్చేసరికి మన పత్రికల్లో గాని, మన సభల్లో గాని ప్రశంసే తప్ప పరిశీలన కనబడదు. జయంతికి ఒక వ్యాసం, వర్ధంతికి ఒక పూలదండ. దామెర్ల రామారావు విషయంలో జరిగిందీ అంతే. గోదావరి జిల్లాల వాళ్ళం ఆయన పేరు గర్వంగా చెప్పుకుంటాం. ఆయన బొమ్మ ఒక్కటైనా నింపాదిగా నిలబడి చూసినవాళ్ళు మనలో ఎందరని లెక్కపెట్టబోతే చేతి వేళ్ళు మిగిలిపోతాయి. చూడకుండా పొగడడం కంటె, చూసి తగవుపడడం ఆ కళాకారునికి ఎక్కువ గౌరవమని నా అభిప్రాయం.

ఈ తగవు నాకు నా విద్యార్థిని ఒకతె పెట్టింది. నేను డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. సొంతవూరు కోరుకొండ. భావకవిత్వం పాఠం జరుగుతుండగా, కృష్ణశాస్త్రి పుట్టిన 1897 లోనే రాజమండ్రిలో దామెర్ల రామారావు కూడా పుట్టాడనీ, కృష్ణపక్షం వెలువడిన 1925 లోనే ఆయన కన్నుమూశాడనీ చెప్పాను. కవిత్వంలో మీరు చదువుతున్న కాలాన్ని రంగుల్లో చూడవచ్చునని రాజమండ్రిలోని ఆయన పేరిటి చిత్రశాలకు తరగతిని తీసుకువెళ్ళాను. పిల్లలు మౌనంగా తిరిగారు. బయటికి వచ్చాక ఆ అమ్మాయి అడిగింది: "బొమ్మలు బాగున్నాయి సార్. కానీ అందులో ఆడవాళ్ళంతా తీరిగ్గా వున్నారు. మా అమ్మ లాంటి మనిషి ఎక్కడుంది?"

ఆమె తల్లి వ్యవసాయ కూలీ. ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. వెతికి, దొరకక అడిగిన ప్రశ్న అది. వస్తువును బట్టి కళను తూచడం పాతపడిన అలవాటని ఒక మాట అని తప్పించుకోవచ్చును. పండితులు అలాగే తప్పించుకుంటారు. అభ్యుదయ సాహిత్యం పుట్టిందే ఆ ప్రశ్న నుంచి కాబట్టి, మనకు ఆ వెసులుబాటు లేదు. జవాబు వెతకాలంటే ముందు ఆయన జీవితాన్ని చూడాలి.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు. చదువుకన్నా బొమ్మల మీద మనసున్న కుర్రవాడు. ఆనాడు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వున్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు అతనిలోని శక్తిని గుర్తించాడు. కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. ఈ ప్రాంతపు అనుభవాలతో 'సౌత్ ఇండియన్ అవర్స్' అనే పుస్తకం 1924 లో ప్రకటించాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు కూడా ఆయన ప్రోత్సాహం పొందినవాళ్ళే. పాలకజాతికి చెందిన అధ్యాపకుడొకడు తన శిష్యులను, మీ నేలనూ మీ నదినీ మీ శిల్పాన్నీ చూడండని పురికొల్పడం విచిత్రంగా కనబడవచ్చు. వలసపాలన అంతటినీ ఒకే రంగు పూసి చూసేవారికి ఇది మింగుడు పడదు. ఒక మంచి ఉపాధ్యాయుని వల్ల పాలన మంచిదైపోదు. పాలన చెడ్డదైనందువల్ల ఆ ఉపాధ్యాయుని ఋణం చెల్లిపోదు.

కూల్డ్రే చొరవతోనే రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చేరాడు. సెసిల్ బర్న్స్ ప్రిన్సిపాలుగా వున్న రోజులవి. అక్కడి శిక్షణ పాశ్చాత్య పద్ధతిది. మనిషిని ఎదుట నిలబెట్టి, ఎముకా కండా ఎక్కడెక్కడ వున్నాయో, వెలుగు ఎటునుంచి పడుతున్నదో చూసి గీయడం. చదువు ముగించి, గుజరాత్, కథియవాడ్ ప్రాంతాలు తిరిగి, 1920 ప్రాంతంలో సొంతవూరు చేరుకున్నాడు. 1922 లో కలకత్తా ప్రదర్శనలో ఆయన 'ఋష్యశృంగ బంధనం' చిత్రానికి వైస్రాయి బహుమతి వచ్చింది. రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల ప్రారంభించి, ఆంధ్ర దేశంలో భారతీయ చిత్రకళ కోసం ఒక సంఘాన్ని స్థాపించాడు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను కబళించింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు.

అంటే, స్వతంత్ర చిత్రకారుడుగా ఈ గోదావరి గట్టున ఆయన పనిచేసింది సుమారు అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళలో ఏం వేశాడు? పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం, నంది పూజ, కార్తీక పౌర్ణమి. గోదావరినీ, తూర్పు కనుమలనూ వేశాడు. కథియవాడ్ గొల్లస్త్రీలను వేశాడు. ఇక్కడొక విశేషం గమనించాలి. పనిచేసే ఆడమనిషి ఆయన కంటికి ఆనింది పరదేశంలో. అక్కడి వేషం కొత్త, నడక కొత్త, ఆ కొత్తదనం కుంచెను లాగింది. పుట్టిన వూళ్ళో తట్ట మోసే మనిషి రోజూ కనబడుతుంది గనుక కనబడదు. ఈ గుడ్డితనం ఒక్క దామెర్లది కాదు. మన మధ్యతరగతి రచయితలందరిదీ ఒకనాటి జబ్బే అది.

ఇంతకన్నా బరువైన సంగతి ఒకటి వుంది. మా కోరుకొండ మీదుగా గోకవరం వెళ్ళే రోడ్డే ముందుకు సాగి రంపచోడవరం చేరుతుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడిచేసింది. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. ఆ రెండేళ్ళూ తూర్పు కనుమల మన్యం తుపాకులతో, పోలీసు పటాలాలతో, వెట్టిచాకిరీ మీద తిరగబడ్డ గిరిజనులతో రగిలిపోయింది. దామెర్ల రాజమండ్రిలో కూర్చుని పనిచేసిన కాలం సరిగ్గా అదే. ఆయన చిత్రాల్లో ఆ కొండలు నిర్మలంగా, నీలంగా, మనుషుల గొడవ అంటనట్టు వుంటాయి. వైస్రాయి పేరిటి బహుమతి వచ్చిన సంవత్సరమూ, మన్యం తిరగబడిన సంవత్సరమూ ఒకటే. ఇది నేరారోపణ కాదు. ఇది తేదీలు చెబుతున్న నిజం. అభిమానం కొద్దీ దీన్ని దాచిపెడితే, మా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు మనం ఎప్పటికీ జవాబు చెప్పలేం.

అయితే దామెర్లను పక్కన పెట్టేద్దామా? ఇక్కడ నాకు పుస్తకాల కన్నా మా నాన్న ఎక్కువ ఉపకరించాడు.

మా నాన్న సైన్ బోర్డులు రాసేవాడు. కోరుకొండ చుట్టుపక్కల కిరాణా కొట్లకూ ఎరువుల షాపులకూ బళ్ళకూ ఆయన అక్షరాలే. నరసింహస్వామి తీర్థం వచ్చిందంటే అంగళ్ళ బోర్డులతో పది రాత్రులు నిద్రవుండేది కాదు. ఎన్నికలు వస్తే గోడరాతలు. సుత్తీ కొడవలీ వేసేవాడు, హస్తం వేసేవాడు, సైకిలూ వేసేవాడు. రాజకీయం మాట ఎలా వున్నా, కొడవలి వంపులో తేడా వస్తే మాత్రం చెరిపి మళ్ళీ వేసేవాడు. నూలుదారానికి సుద్దపొడి పూసి, రెండు కొసలూ పట్టి లాగి గోడమీద టప్పున కొడితే తెల్లగీత పడేది. ఆ దారం ఒక కొస పట్టుకోవడం నా చిన్నతనపు ఉద్యోగం. తరువాత ఫ్లెక్సీ వచ్చింది. చేతి అక్షరానికి పట్టే రోజు పనిని యంత్రం నిమిషాల మీద చేసి పారేసింది. కుంచె పట్టిన చేతులు చాలా మటుకు ఇళ్ళకు సున్నాలూ రంగులూ వేసే కూలికి దిగాయి. మా నాన్నవీ అంతే.

ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఒకసారి ఎనామిల్ డబ్బాలు కొనడానికి రాజమండ్రి వెళ్తూ నన్ను దామెర్ల చిత్రశాలకు తీసుకువెళ్ళాడు. పురాణకథ ఏమిటో ఆయనకు అక్కర్లేకపోయింది. బొమ్మ కింద పేరు చదవలేదు. స్త్రీలు నిలబడివున్న ఒక చిత్రం ముందు చాలాసేపు ఆగి, వంగి, కింది భాగమే చూశాడు. "ఒరే, పాదం నేలమీద ఆనింది చూడు. ఆ పిల్ల బరువంతా కుడికాలు మీదుంది. మనం ఏస్తే గాల్లో తేలద్ది" అన్నాడు. ఇంకొక చిత్రం దగ్గర చెయ్యి చూశాడు, వేళ్ళు పట్టుకున్న తీరు చూశాడు. నా ఎం.ఏ. చదువులో రసమనీ, ధ్వని అనీ, వక్రోక్తి అనీ ఎన్నో నేర్చుకున్నాను. బొమ్మ ముందు నిలబడినప్పుడు మాత్రం ఆ వాక్యమే జ్ఞాపకం వస్తుంది.

వాస్తవికతను గురించి మనం చేసే చర్చలో వస్తువుకు ఇచ్చిన చోటు ఈ 'ఆనడాని'కి ఇవ్వలేదు. కూలివాణ్ణి బొమ్మలో పెట్టగానే బొమ్మ వాస్తవికం అయిపోదు. ఆ కూలివాడి భుజం మీద మూటకు బరువు వుండాలి, ఆ బరువుకు వెన్ను స్పందించాలి. లేకపోతే అది నినాదానికి తొడిగిన చొక్కా. అలాగే ఇతివృత్తం పౌరాణికమైనంత మాత్రాన చిత్రం అవాస్తవికమూ కాదు. దామెర్ల వేసిన స్త్రీకి పేరు పురాణానిది, కాలు మాత్రం గోదావరి ఇసుకలో నిలిచినది. ఆమెను ఆయన గ్రంథంలో నుంచి తీయలేదు, చూసి గీశాడు.

ఆ కాలపు చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. బెంగాల్ చిత్రకారుల ప్రభావం అప్పుడు దేశమంతటా వ్యాపిస్తున్నది. మన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయ ఆ పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు. బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. ఆ మార్గంలో జాతీయాభిమానం వుంది, లాలిత్యం వుంది. దానితోపాటు శరీరం పొగమంచులా పలుచబడే ప్రమాదమూ వుంది. ఇటు జె.జె. పద్ధతిని అచ్చంగా అనుసరిస్తే విలాయతీ నకలు మిగులుతుంది. దామెర్ల ఈ రెంటి మధ్య దారి వెతికాడు. బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణాన్ని వదలలేదు, మన రేఖలోని వంపును విడవలేదు. కండ్లతో చూసినదాన్ని నమ్మడమనే ఒక్క గుణంతో ఆయన మనవాడవుతాడు. ఆ చూపును ఏ మనుషుల వైపు తిప్పాడన్నది రెండవ ప్రశ్న. ఆ ప్రశ్నలో ఆయనకు మార్కులు తక్కువ పడతాయి. మొదటి ప్రశ్నలో మనలో చాలామంది ఆయన ముందు నిలవలేం.

ఇక్కడ కాస్త దూరదేశపు ఉదాహరణ చూడడం మంచిది. దామెర్ల పోవడానికి నెల రోజుల లోపున, 1925 జనవరి 8న, న్యూయార్కులో జార్జ్ బెలోస్ అనే చిత్రకారుడు నలభై రెండేళ్ళకే మరణించాడు. ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశం లేదు. బెలోస్‌కు గురువు రాబర్ట్ హెన్రీ. అందమైన బైఠకఖానాలు మాని వీధిలోకి వెళ్ళండని శిష్యులకు బోధించినవాడు. హెన్రీ, జాన్ స్లోన్ మొదలైన ఎనిమిదిమంది 1908 లో న్యూయార్కులో పెట్టిన ప్రదర్శన అమెరికా చిత్రకళలో ఒక మలుపు. ఇరుకు సందులూ, బట్టలారేసిన తాళ్ళూ, మురికివాడల పిల్లలూ, రాత్రివేళ హోటళ్ళూ వాళ్ళకు వస్తువులయ్యాయి. స్లోన్ సోషలిస్టు. 'ది మాసెస్' అనే పత్రికకు బొమ్మలు వేసేవాడు. 1914 ఏప్రిల్‌లో కొలరాడో బొగ్గుగని కార్మికుల గుడారాల మీద లడ్లోలో జరిగిన మారణకాండను ఆ జూన్ సంచిక ముఖచిత్రంగా వేసినవాడు ఆయనే.

అంతటి స్లోన్ 1916 లో ఆ పత్రిక నుంచి బయటికి వచ్చేశాడు. చిత్రకారులు వేసిన బొమ్మల కింద సంపాదకులు తమ రాజకీయ వ్యాఖ్యలు తగిలించడం తగవుకు మూలం. బొమ్మ స్వయంగా మాట్లాడగలదని చిత్రకారుల వాదం. వీధిలోని బూడిద డబ్బాల బొమ్మలు వేసుకుంటూ కూర్చుంటారా అని ఎదుటి పక్షం ఎకసక్కెం. ఆ ఎకసక్కెంలోని బూడిద డబ్బా మాటే చివరికి ఆ చిత్రకారుల ధోరణికి బిరుదుగా స్థిరపడిపోయింది. ఇది మన పత్రికల వాళ్ళం, మన సంఘాల వాళ్ళం కంఠస్థం చేసుకోవలసిన కథ. ఉద్యమానికి బొమ్మ కావాలంటాం. బొమ్మకు కావలసిన ఓపిక మన దగ్గర వుండదు. పోస్టరుకు అందిన చిత్రం చాలు, చిత్రకారుడు అక్కర్లేదన్నట్టు ప్రవర్తిస్తాం.

బెలోస్ 1912 లో 'మెన్ ఆఫ్ ది డాక్స్' వేశాడు. చలికాలపు పొద్దున బ్రూక్లిన్ రేవులో పనికోసం ఎదురుచూస్తున్న కూలీలు. పక్కన బండి లాగే గుర్రాలు, వెనక పెద్ద ఓడ, అవతలి ఒడ్డున మేడలు. అచ్చు చిత్రంలో చూసినా ఆ మనుషుల నిలకడలోని చలి మనకు తగులుతుంది. రాజమండ్రిలోనైనా మరెక్కడైనా పొద్దున్నే అడ్డా మీద తట్టా పారా పెట్టుకుని, మేస్త్రీ రాక కోసం చూసే మనుషుల నిలకడ అదే. ఈ చిత్రాన్ని 1920 లో వర్జీనియా రాష్ట్రంలోని ఒక మహిళా కళాశాల విద్యార్థినులు చందాలు పోగుచేసి 2,500 డాలర్లకు కొన్నారు. అనంతరకాలంలో రాండాల్ఫ్ కళాశాల అని పేరు మార్చుకున్న ఆ సంస్థ, విద్యార్థుల ఆందోళననూ కోర్టు వ్యాజ్యాలనూ దాటి, 2014 లో దాన్ని లండన్ నేషనల్ గేలరీకి 2 కోట్ల 55 లక్షల డాలర్లకు అమ్మింది. రేవు కూలీల బొమ్మ విలువ పదివేల రెట్లకు పైగా పెరిగింది. అందులో నిలబడిన కూలీల వంటి వారికి ఆ పెరుగుదలలో భాగమేమిటో వేరే చెప్పనక్కరలేదు. వస్తువు శ్రామికుడైనంత మాత్రాన చిత్రం శ్రామికునిది అయిపోదని దీన్ని మించి రుజువు కావాలా?

ఈ వెలుగులో దామెర్ల చేసిన ఒక పనిని మళ్ళీ చూడాలి. ఆయన బొమ్మలోని మనుషుల గురించి మనకు ఫిర్యాదు వుంది. బొమ్మ చుట్టూ ఆయన కూర్చిన మనుషుల గురించి మాత్రం ఫిర్యాదు చేయలేం. బొంబాయి, కలకత్తాలలో పేరు వచ్చినవాడు రాజమండ్రిలో కూర్చుని పిల్లలకు గీతలు నేర్పాడు. కళ మహానగరాల సొత్తు కాదని ఆచరణలో చూపించాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ చిత్రాలు వేశారు. మధ్యతరగతి ఇంటి ఆడవాళ్ళు పేరుపెట్టుకుని బొమ్మ వేయడమన్నది 1920 ప్రాంతంలో మాటలు కాదు. ఆయన పోయాక ఆ పనిని, ఆ చిత్రాలను చెదిరిపోకుండా భుజాన వేసుకున్నవాడు సహచరుడు వరదా వెంకటరత్నం. చిత్రాలు జమీందారుల హాళ్ళలోకీ, వేలం పాటల్లోకీ చెల్లాచెదరు కాకుండా ఒకచోట నిలిచి, తరువాత ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చాయంటే ఆ స్నేహమే కారణం. ఫలితంగానే మా నాన్న వంటి సైన్ బోర్డు పెయింటరు ఎనామిల్ డబ్బాల సంచి చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళి, ఒక పాదం ఎలా ఆనుతుందో నేర్చుకోగలిగాడు. లండన్ చేరిన రేవు కూలీల చిత్రాన్ని వర్జీనియా పట్టణపు పెయింటరు ఇప్పుడు చూడాలంటే సముద్రం దాటాలి.

అయితే ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికిందా? సగం దొరికింది. మీ అమ్మ ఆయన చిత్రాల్లో లేదు. ఆమెను గీయడానికి కావలసిన కన్ను, చేయి, బడి – ఈ మూడూ అక్కడున్నాయి. దామెర్ల మరో ముప్పయ్యేళ్ళు బతికివుంటే మన్యం వైపో, కాలువగట్టు కూలీల వైపో తిరిగివుండేవాడని కొందరు ఊహిస్తారు. నేను ఊహించను. బతకని సంవత్సరాలకు పుణ్యం కట్టబెట్టడం విమర్శ కాదు. ఆయన వదిలిన చోటునుంచి తరువాతి వాళ్ళు ఏం చేశారన్నదే మనం అడగవలసిన ప్రశ్న. మద్రాసు కళాశాలకు దీర్ఘకాలం ప్రిన్సిపాలుగా వున్న దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిల్పం 'శ్రమ విజయం' 1959 లో మెరీనా తీరాన నిలిచింది. బండను కదిలిస్తున్న నలుగురు మనుషులు. వాళ్ళ పాదాలు నేలను తన్నిపట్టి వుంటాయి. 1943 బెంగాల్ కరువును కాలినడకన తిరిగి గీసిన చిత్తప్రసాద్ పుస్తకం 'హంగ్రీ బెంగాల్' ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని ధ్వంసం చేసింది. పటాలంతో పోల్చదగ్గ భయాన్ని ఒక సిరా గీతల పుస్తకం ప్రభుత్వానికి కలిగించిందంటే, ఆ గీతల్లోని ఆకలికి బరువుండడం వల్లనే.

మనం చేయవలసింది పెద్ద పనేమీ కాదు, అలాగని సులువూ కాదు. మన సంఘాలు కవి సమ్మేళనాలు పెడతాయి, కథల పోటీలు పెడతాయి. అడ్డా మీదా, ఇటుక బట్టీ దగ్గరా, వరినాట్ల గట్టు మీదా కూర్చుని గీసే చిత్రకారునికి ఒక నోటుపుస్తకం, ఒక రోజు కూలి ఇచ్చిన సంఘం ఎక్కడుంది? కళాశాలల్లో సాహిత్యం చెప్పేవాళ్ళం పిల్లలకు భావకవిత్వం లక్షణాలు పాయింట్లుగా రాయిస్తాం. వాళ్ళను ఒక్కసారి దామెర్ల చిత్రాల ముందు నిలబెట్టి, పేరు చదవకుండా కాళ్ళూ చేతులూ చూడమనడానికి సిలబస్ అడ్డు రాదు. ఫ్లెక్సీ వల్ల పని పోయిన చేతులు ఇంకా ఈ జిల్లాలో వున్నాయి. నేర్పడం వాళ్ళకు చేతనవును, పిలిచేవాళ్ళు లేరు.

ఆ విద్యార్థిని ఇప్పుడు వాళ్ళమ్మ బొమ్మ వేస్తున్నది. నాలుగైదు కాగితాలు చూపించింది. ముఖం పోలిక బాగా వచ్చింది. వంగి నాటు వేసే భంగిమలో నడుము ఇంకా కుదరలేదు, మనిషి బురదలో దిగబడకుండా పైన తేలుతున్నది. ఆ మాటే చెప్పాను. సరిచేస్తానన్నది.